రెండో సీసా

దాజీ పేట, షోలాపూర్
18 అక్టోబర్ 1987

తమ్ముడు రాజారాంకు,

అందరం బాగున్నామని రాయబోయి ఆగిపోయాను. బాగున్నామో లేదో నువ్వే చెప్పాలి. పద్నాలుగేళ్లుగా వకీలు దగ్గర గుమాస్తాగా ఉన్నావు కాబట్టి అడుగుతున్నాను. చనిపోయిన మనిషిని కోర్టు పిలుస్తుందా?

మొన్న ఒక పోలీసు సమన్లు తెచ్చాడు. మన తెలుగాయనే. మీ బావ పేరు చెప్పి, ఎక్కడ అన్నాడు. గోడ మీద దండ వేసిన ఫోటో చూపించాను. పోయిన కార్తీకంలోనే పోయారని చెప్పాను. అతను నవ్వాడు. "గట్లయితె జూన్‌ల సహీ ఎవలు చేసిండ్రమ్మా? ఫోటోలకెంచి దిగొచ్చి చేసి పోయిండా?" అన్నాడు.

జూన్‌లో జరిగింది ఇది. పదకొండో తేదీ పొద్దున ఫుడ్ ఇన్‌స్పెక్టర్ దుకాణానికి వచ్చాడు. ఆరు వందల గ్రాముల శనగపిండి తూయించి, పైసలిచ్చాడు. దాన్ని మూడు సీసాల్లో సమంగా పోసి, కాగితం చుట్టి, దారం కట్టి, లక్క ముద్రలు వేశాడు. మాలిక్ పేరేమిటన్నాడు. మీ బావ పేరు నేను నోటితో ఎట్లా చెప్పాలి? కాగితం తీసుకుని "సిద్ధరాములు" అని రాసిచ్చాను. సంతకం చెయ్యమన్నాడు. ఆయన మంచంలో ఉన్న రెండేళ్లూ దుకాణం కాగితాల మీద ఆయన సంతకం నేనే పెట్టేదాన్ని. చేతికి ఆ అలవాటే ఉంది. మూడు సీసాల మీదా అదే పెట్టాను. ఇన్‌స్పెక్టర్ ఏమనుకున్నాడో తెలియదు, అసలు చూడలేదేమో. ఎదురింటి పెంటప్పను సాక్షిగా పిలిచి వేలిముద్ర వేయించుకున్నాడు. మీ బావ దినాలకు వచ్చి అన్నం తిన్న మనిషి పెంటప్ప. అయినా ఆ పేరు పక్కనే వేలు ఒత్తాడు.

పిండిలో ఖేసరి పప్పు పిండి కలిసిందని సమన్లలో ఉంది. రోజూ తింటే కాళ్లు చచ్చుబడతాయట. పెంటప్ప కాళ్లు శ్రావణం నుంచి బిగుసుకుపోతున్నాయి. మగ్గం గుంటలో దిగినవాణ్ని అతని పెండ్లాం ద్రౌపది చంకల కింద చేతులు పెట్టి పైకి లాగుతోంది. వాళ్లింట్లో రెండు పూటలా జొన్నరొట్టె, పిట్ల కూర. పిట్లకు శనగపిండి నా దుకాణం నుంచే పోతుంది.

ద్రౌపది మాత్రం పిండిని తప్పు పట్టడం లేదు. "సచ్చిన మనిషి సహీ పక్కన మా ఆయనతోని ఏలు పెట్టిచ్చినవ్. గాయన తోడుకు పిలువక ఊకుంటడా?" అంటోంది.

నల్లా నీళ్లు రెండు రోజులకోసారి వస్తున్నాయి. నీ కడుపునొప్పి ఎట్లా ఉంది? చాయ్ తగ్గించు.

నీ అక్క
గోదావరి


సిద్దిపేట
27 అక్టోబర్ 1987

అక్కా,

భయపడకు. చనిపోయిన మనిషి మీద కేసు నడవదు. మరణ పత్రం కోర్టులో ఇస్తే అక్కడితో ముగుస్తుంది. ద్రౌపది మాటలు పక్కన పెట్టు. కాళ్లు బిగుసుకోవడానికి డాక్టర్లకు తెలిసిన కారణాలు ఇరవై ఉంటాయి.

రెండు సంగతులు తెలియాలి. మొదటిది ఆ మూడు సీసాల గురించి. ఒకటి సర్కారు పరీక్షకుడికి పోతుంది. రెండు ఆరోగ్య అధికారి దగ్గర ఉంటాయి. కేసు వేశాక పరీక్ష నివేదికను నిందితుడికి పంపాలి. అది అందిన పది రోజుల్లో నిందితుడు కోర్టును అడిగితే, రెండో సీసాను కేంద్ర ప్రయోగశాలకు పంపుతారు. అక్కడ తేలిందే ఆఖరు మాట, మొదటి నివేదిక చెల్లదు. చిన్న దుకాణదారుకు చట్టం ఇచ్చిన గట్టి రక్షణ ఇదే. అలాంటి రిజిస్టర్ కవరు ఏమైనా వచ్చిందా?

రెండోది, ఆ బస్తా ఎక్కడ కొన్నారు? సరుకు స్వచ్ఛమైనదని టోకు వ్యాపారి రాసిచ్చిన బిల్లు ఉంటే తప్పు అతని మీదికి పోతుంది. బావ బిల్లులన్నీ తీగకు గుచ్చి పెట్టేవాడు, వెతుకు.

అప్పటిదాకా ఎవరికీ ఏమీ రాసివ్వకు. సంతకం సంగతి అసలే ఎత్తకు.

మా వకీలు గారు కొత్త టైపు మిషన్ కొన్నారు. దాని మీద చెయ్యి తిరిగేదాకా నా ఉత్తరాలు చేతిరాతలోనే.

తమ్ముడు
రాజారాం


దాజీ పేట
14 నవంబర్ 1987

తమ్ముడూ,

కవరు వచ్చింది. పెత్రమాస ముందు రోజు వచ్చింది. పోస్టుమన్ బాలయ్య గడపలో నిలబడి మీ బావ పేరు గట్టిగా చదివాడు. చదివాక తానే ఆగి, "అక్కా, పాపం అన్న పేరు మీదొచ్చింది. నువ్వే సహీ పెట్టు" అన్నాడు. పెట్టాను. ఏ సంతకమో నీకు చెప్పక్కర్లేదు.

మర్నాడు పెద్దలకు బియ్యం ఇచ్చే రోజు. పోయినవాళ్ల పేరు చెప్పి పిలిచి, వాళ్లది వాళ్లకు అప్పజెప్పే రోజు. ఆయన పోయాక వచ్చిన మొదటి పెత్రమాస. సరిగ్గా ఆ ముందు రోజే ఆయన పేరుతో కవరు వస్తే నేనేమనుకోవాలి? బియ్యం, కూరగాయలు, కొత్త ధోతీతో పాటు కవరు కూడా ఫోటో ముందు పెట్టాను. ఆయనకు వచ్చినదాన్ని నేనెట్లా విప్పుతాను? ఇంకా అక్కడే ఉంది. నీ చట్టంలో కూడా పదో రోజే ఆఖరా?

బస్తా సంగతి. అది మీ బావ తెచ్చింది కాదు. ఆయన పోయాక నేనొక్కదాన్నే పోయి తెచ్చిన మొదటి బస్తా. కొత్త వ్యాపారి, బస్తాకు కాస్త తక్కువ చెప్పాడు. బిల్లు అడగలేదు.

తొమ్మిదో తేదీ కోర్టుకు పోయాను. వరండాలో జనం మధ్య నిలబడ్డాను. జవాను బయటికొచ్చి ఆయన పేరు మూడుసార్లు పిలిచాడు. మూడోసారికి ఎవరో "హాజర్" అన్నారు. మగ గొంతు, మెల్లగా పలికింది. చుట్టూ చూశాను, ఎవరూ లోపలికి కదల్లేదు. సాయంత్రం ఒక గుమాస్తాను బతిమాలి, ఆ రోజు కోర్టులో జరిగింది రాసే రోజనామా చూపించమన్నాను. "ఆరోపీ హాజర్" అని, అంటే నిందితుడు వచ్చాడని, రాసి ఉంది. పై తారీఖు జనవరిలో.

పెంటప్ప నిన్న ఒక మాట చెప్పాడు. "వదినే, ఆ దినం ఏలు ఒత్తేటప్పుడు నా మణికట్టు ఎవలు పట్టుకున్నరు?" అన్నాడు. ఇన్‌స్పెక్టర్ పట్టుకుని ఉంటాడన్నాను. "కాదు. గాయన కాగితం పట్టుకున్నడు రెండు చేతులతోని" అన్నాడు.

గోదావరి


సిద్దిపేట
25 నవంబర్ 1987

అక్కా,

ఉత్తరం చదివి చాలా కోపం వచ్చింది. తర్వాత నీ మీద కాదని తెలిసింది. ఆ కవరు విప్పు. లోపలి కాగితాలు నకలు తీయించి పంపు. పది రోజుల గడువు ఎప్పుడో దాటింది. తపాలా రసీదు మీద బావ సంతకం ఉంది కాబట్టి నివేదిక "నిందితుడికి అందింది" అని రికార్డు చెబుతుంది.

కోర్టు సంగతి. మీ ఊళ్లో సిద్ధరాం అని పిలిస్తే పది మంది పలుకుతారు, అక్కడి దేవుడి పేరే అది. ఇంకెవరో తన కేసనుకుని పలికారు. బెంచి గుమాస్తా రోజుకు ఎనభై రోజనామాలు రాస్తాడు. గొంతు వినగానే హాజరని రాసేస్తాడు. నేను ఇక్కడ వంద చూశాను.

ఇప్పుడు చెయ్యాల్సింది ఒక్కటే. జనవరిలో మరణ పత్రం ఇచ్చి కేసు మూయించు. జూన్‌లో సంతకం ఎవరు పెట్టారని అడిగితే తెలియదను. పెంటప్పను కూడా ఊరుకోమను. చనిపోయినవాడికి శిక్ష లేదు, నీ మీద కేసే లేదు. ఇంతకంటే మంచి దారి నాకు కనిపించలేదు.

రాజారాం


దాజీ పేట
20 జనవరి 1988

తమ్ముడూ,

గడ్డ జాతరకు ఊరంతా పోయింది. గల్లీలో మగ్గాలు ఆగిపోయి నిశ్శబ్దంగా ఉంటే ఉత్తరం రాస్తున్నాను. ఈ నిశ్శబ్దం నాకు అలవాటు లేదు.

కవరు విప్పాను. రెండు పేజీల కాగితం. పిండిలో ఖేసరి ఉందని ఒక్క వరుస. మిగతావన్నీ నంబర్లు, ముద్రలు.

మరణ పత్రం తీసుకుని కోర్టుకు పోయాను. గడప దగ్గరే కూర్చుని వెనక్కి వచ్చేశాను. ఎందుకో చెబుతాను.

పెంటప్ప ఇప్పుడు కర్ర పట్టుకుని ముని వేళ్ల మీద నడుస్తున్నాడు, మోకాళ్లు ఒకదానికొకటి రాసుకుంటున్నాయి. పెద్దాసుపత్రి డాక్టర్ ఏ పప్పు తింటావని అడిగాడట. ఖేసరి తింటే ఇట్లాగే అవుతుంది, కానీ వెన్నెముక జబ్బుకు కూడా ఇట్లాగే అవుతుంది, తేల్చి చెప్పలేనన్నాడట. ద్రౌపది గొంతు మారింది. నా దుకాణం ముందుకొచ్చి నిలబడి, "మీ ఆయన మగ్గం పని బందయి దుకాణం పెట్టుకుంటె మేమే గిరాకీ తెచ్చిస్తిమి. గాయన పిండిల విషం కలిపి పొయ్యిండు. సచ్చినోన్ని ఏమడుగుతం?" అంది. ఇరవై మంది విన్నారు. ఆ బస్తా తెచ్చింది నేను, తమ్ముడూ. ఆయన పోయాక ఆరు నెలలకు తెచ్చాను. నోరు విప్పితే నీ కేసు చెడుతుందని ఊరుకున్నాను.

ఇప్పుడు కేసు మూస్తే, రెండో సీసా సంగతి? దాన్ని ఎవరు విప్పుతారు? ఎవరు అడిగితే విప్పుతారు? దీనికి మాత్రం జవాబు రాయి.

గోదావరి


సిద్దిపేట
2 మార్చి 1988

అక్కా,

నెలన్నర జవాబు రాయలేదు, క్షమించు. కడుపులో పుండు తిరగబెట్టి ఆసుపత్రిలో ఉన్నాను. ఇప్పుడు మజ్జిగన్నమే.

నీ ప్రశ్నకు జవాబు: నిందితుడు అడిగితేనే. ఇరుగుపొరుగు అడిగితే విప్పరు, విధవ అడిగినా విప్పరు. కేసు మూస్తే ఆ సీసాను కొన్నాళ్లకు పారబోస్తారు.

నీ మనసులో ఏముందో తెలుస్తోంది. అమ్మింది నేనేనని చెప్పి నిందితురాలివి అవుదామనుకుంటున్నావు. వద్దు. ఈ చట్టంలో తప్పు తేలితే ఆరు నెలలకు తక్కువ జైలు లేదు. తెలియక అమ్మానంటే వినరు. రెండో సీసాలో కూడా ఖేసరి ఉంటే? బావ మీద ప్రేమతో ఈ పని చేస్తే బావే ఒప్పుకోడు. ఆయన పేరుకు ఇప్పుడు పోయేదేముంది?

ఇది తమ్ముడి మాట కాదు, పద్నాలుగేళ్ల గుమాస్తా మాట అనుకో.

రాజారాం


దాజీ పేట
11 మార్చి 1988

తమ్ముడూ,

నీ ఉత్తరం నిన్న అందింది. నేను చెయ్యాల్సింది ఏడో తేదీనే చేశాను.

జవాను మళ్లీ ఆయన పేరు పిలిచాడు. మొదటి పిలుపుకే లోపలికి పోయాను. ఆ మూడో పిలుపు దాకా వరండాలో ఉండడం నా వల్ల కాలేదు. జడ్జిగారు నువ్వెవరన్నారు. "సిద్ధరాములు పెండ్లాన్ని. ఆయన పోయిన కార్తీకం కాదు, ఆ ముంగటి కార్తీకంల పొయ్యిండు. జూన్‌ల పిండి అమ్మింది నేను. సహీ నాది" అన్నాను. ముప్పై ఏళ్లలో ఆ పేరు నా నోట రావడం అదే మొదలు. బయట వేపచెట్టు కింద కూర్చున్నాక గానీ ఆ సంగతి నాకు తట్టలేదు.

సర్కారు వకీలు నన్ను ఆరోగ్య అధికారి ఆఫీసుకు తీసుకుపోయాడు. సంతకం సరిచూడాలని గుమాస్తా బీరువా తెరిచి రెండు సీసాలు తెచ్చి బల్ల మీద పెట్టాడు. కాగితం చుట్టి ఉంది కాబట్టి లోపల ఏముందో కనబడదు. పైన ఆయన సంతకం నా చేతిరాతలో ఉంది, పక్కన పెంటప్ప వేలు. సంతకం చూడడానికి తల వంచితే చప్పుడు వినబడింది. చిన్న చప్పుడు, గోటితో కాగితం గీకినట్టు. గుమాస్తాను అడిగాను. "ఏమీ వినబడుతలేదమ్మా" అన్నాడు. రెండో సీసాకు చెవి పెట్టాను. అందులోనూ ఉంది. పురుగు పడిందేమో. పురుగే అయి ఉంటుంది.

నువ్వు ఒకటి తప్పుగా రాశావు. ఇది మీ బావ మీద ప్రేమ కాదు. పెంటప్ప కాళ్లు తీసింది నేనో కాదో నాకు తెలియాలి. అందుకు ఆరు నెలలు పోతే పోనీ.

గోదావరి


సిద్దిపేట
30 మార్చి 1988

అక్కా,

చేసిందానికి ఇక వాదన లేదు. ఇప్పుడు జరిగేది ఇది. బావ మీది కేసు మూస్తారు. నీ పేరు మీద కొత్త ఫిర్యాదు వేస్తారు. నివేదిక మళ్లీ రిజిస్టర్ పోస్టులో నీ పేరుతో వస్తుంది. ఆ రోజు పెత్రమాస అయినా, పండుగ అయినా, కవరు చేతికి రాగానే విప్పు. తారీఖు రాసుకుని నాకు టెలిగ్రాం ఇవ్వు. దరఖాస్తు టైపు చేసి ఇందులో పెట్టాను. సంతకం పెట్టడమే మిగిలింది. నీ సంతకం, అక్కా. రెండు మూడుసార్లు రాసి అలవాటు చేసుకో.

సీసాలో పురుగు మాట నన్ను పట్టుకుంది. పిండి తొమ్మిది నెలలుగా మూతబడి ఉంది. నవంబర్‌లో నేను ఊరుకోమనకుండా ఉంటే ఈపాటికి ప్రయోగశాలకు పోయి ఉండేది.

రాజారాం


సిద్దిపేట
23 జనవరి 1989

అక్కా,

ఇంటికి క్షేమంగా చేరాను. కోర్టులో తీర్పు చదువుతుంటే నీ ముఖంలో ఏమీ కనిపించలేదు. మరాఠీలో ఉన్నందుకు అర్థం కాలేదేమోననుకున్నాను, కానీ నీకు మరాఠీ నాకంటే బాగా వచ్చు. అయినా మన మాటల్లో ఒకసారి రాసి పెడుతున్నాను.

జులైలో కవరు వచ్చిన మూడో రోజే నువ్వు దరఖాస్తు ఇచ్చావు. కోర్టు రెండో సీసాను కేంద్ర ప్రయోగశాలకు పంపింది. ముద్రలు సరిగ్గా ఉన్నాయి, లోపలి పిండి పురుగు పట్టి గడ్డకట్టి ఉంది, పరీక్షకు పనికిరాదు అని వాళ్లు రాశారు. మూడో సీసా పంపితే దానికీ అదే జవాబు. రెండోసారి పరీక్ష చేయించుకోవడం నిందితురాలి హక్కు. సర్కారు ఆలస్యం వల్ల ఆ హక్కు అందకుండా పోయింది కాబట్టి మొదటి నివేదికతో శిక్ష వెయ్యడం కుదరదని జడ్జి అన్నాడు. నిన్ను విడుదల చేశాడు. చట్టం ఎట్లా పనిచెయ్యాలో అట్లాగే పనిచేసింది. నువ్వు గెలిచావు.

దుకాణం తెరువు. కొత్త సరుకు తెచ్చినప్పుడల్లా బిల్లు తీసుకో. వేసవిలో వచ్చి పది రోజులుంటాను.

రాజారాం


దాజీ పేట
9 ఫిబ్రవరి 1989

తమ్ముడూ,

తీర్పు నాకు బాగానే అర్థమయింది. పిండిలో ఏముందో అందులో లేదు.

దుకాణం తెరిచాను. ఇద్దరు ముగ్గురు వచ్చి ఉప్పు, సబ్బు కొనుక్కుపోతున్నారు. పిండి ఎవరూ అడగరు. పెంటప్ప ఇప్పుడు రెండు చేతుల మీద దేకుతూ గడప దాకా వస్తాడు. తీర్పు సంగతి చెప్పడానికి పోయాను. "అయితె పిండిల ఏం లేకుండెనా వదినే?" అన్నాడు. తెలియదట, పెంటప్పా, అన్నాను. లోపలి నుంచి ద్రౌపది, "ఇడిసిపెట్టిండ్రంటె ఏం లేనట్టే గదా. మరి మా ఆయన్ను పిలిచింది మీ ఆయనే" అంది. ఈసారి కోపంగా అనలేదు. లెక్క తేలినట్టు అంది.

నువ్వు అడగలేదు కాబట్టి నేను చెప్పలేదు. ఇన్‌స్పెక్టర్ తీసుకుపోయింది ఆరు వందల గ్రాములే. సమన్లు వచ్చిన రోజే అమ్మకం ఆపాను. అప్పటికి ముప్పావు బస్తా మిగిలి ఉంది. పారబొయ్యలేదు. వారానికోసారి ఎండబోసి, జల్లెడ పట్టి, వేపాకు వేసి దాచాను. సీసాలో ఉన్నదానికి ఆ పని ఎవరూ చెయ్యలేదు కాబట్టి అది పాడయింది. ఇది పాడుకాలేదు.

నవంబర్‌లో, ఆ హాజర్ విన్న మర్నాటి నుంచి, ఆ పిండితోనే రోజూ పొద్దున పిట్ల, రాత్రి పిట్ల చేసుకుని తింటున్నాను. పెంటప్ప తిన్నట్టే, జొన్నరొట్టెతోనే. వేరే పప్పు ఇంట్లోకి రానివ్వలేదు. నువ్వొచ్చినప్పుడు నీకు హోటలు అన్నం తెప్పించింది అందుకే. నీ పుండుకు మంచిదని చెప్పాను, నమ్మావు. ఇప్పటికి పదిహేను నెలలు. బస్తా అడుగుకొచ్చింది. ఇంకో అయిదారు రోజులకు సరిపోతుంది.

ఇన్నాళ్లూ ఏమీ కాలేదు. నల్లాకు పోతున్నాను, బిందె మోస్తున్నాను. పిండి మంచిదేనని పెంటప్పకు చెప్పడానికి శివరాత్రి దాకా ఆగుదామనుకున్నాను.

మొన్న సోమవారం, ఫిబ్రవరి ఆరు, పొద్దున లేచి గడప దాటబోతే ఎడమ కాలు వెంటనే రాలేదు. కదులు అని మనసులో అనుకున్నాక ఒక క్షణం ఆగి కదిలింది. మంగళవారం ఏమీ లేదు. నిన్న మళ్లీ అయింది. చలి ఇంకా పోలేదు, యాభై మూడేళ్లు నాకు. చలి కావచ్చు, వయసు కావచ్చు. లేదా పిండి కావచ్చు. ద్రౌపది చెప్పేది కూడా రాయి, అన్నీ రాయాలి కదా.

పరుగెత్తుకుని రాకు. ఈ ఉత్తరం భద్రంగా పెట్టు. తేదీలు, ఏ కాలు, ఏ పూట అని నువ్వు ఒక కాగితం మొదలుపెట్టు. ఇటునుంచి ప్రతి వారం నేను రాస్తుంటాను. ఈసారి ముద్ర వేసి బీరువాలో పెట్టే పని లేదు.

గోదావరి